పిల్లల్లో టైప్ 1 సుగర్: "ఎవరి వైపు నుంచి వచ్చింది?"

పిల్లల సుగర్ క్లినిక్‌లో మందుల కన్నా ఎక్కువగా నన్ను అడిగే ప్రశ్న పైదే. అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ వచ్చిన రోజు అది ఇంకాస్త ఘాటుగా వినిపిస్తుంది.

అపోహ: మా రెండు వైపులా ఎవరికీ లేదు, కాబట్టి బాబుకి సుగర్ అయ్యుండదు.

వాస్తవం: కొత్తగా టైప్ 1 బయటపడే పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఇళ్లలో ఈ జబ్బు ఎవరికీ ఉండదు. టైప్ 1 అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను పాడుచేసే జబ్బు. తాతగారికి అరవయ్యో ఏట వచ్చింది టైప్ 2, అది వేరే జబ్బు. "ఇంట్లో లేదుగా" అన్న ధీమాతోనే పరీక్ష వెనకపడుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, సీసాలకు సీసాలు నీళ్లు తాగుతాడు, నిక్కరు జారిపోతుంటుంది. ఎండలు కదా అని సరిపెట్టుకుంటారు. ఎగశ్వాస మొదలయ్యాక కూడా ఆస్తమా అనుకుని నెబ్యులైజర్ పెట్టించి తెచ్చినవాళ్లున్నారు. అప్పుడు వేలి చివర చుక్క రక్తం తీసి చూస్తే గ్లూకోమీటర్‌లో అంకె రాదు, 'హై' అని వస్తుంది. మీటరు కొలవగలిగిన హద్దు దాటిపోయిందన్నమాట.

అపోహ: ఈ మధ్య కేసులు పెరుగుతున్నాయంటే జన్యువులు పాడవుతున్నట్టే.

వాస్తవం: టైప్ 1 వంశపారంపర్య ముప్పులో సగం దాకా హెచ్‌ఎల్‌ఏ జన్యువులదే. ఏది మన కణం, ఏది పరాయిది అని రోగనిరోధక వ్యవస్థ పోల్చుకోవడానికి పనికొచ్చేవి అవే. వీటిలో డీఆర్3, డీఆర్4 రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరిన బిడ్డకు ముప్పు బాగా ఎక్కువ. (వియ్యపురాళ్ల తగువు ఇక్కడే తేలిపోవాలి.)

బ్రిటన్‌లో ఇన్సులిన్ వచ్చిన తొలి దశాబ్దాల్లో జబ్బుపడి యాభై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చినవాళ్లని, 1985 తర్వాత జబ్బుపడిన పిల్లలతో పోల్చి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఈ డీఆర్3, డీఆర్4 జోడీ పాతవాళ్లలో 47 శాతం మందికి ఉంటే, కొత్తవాళ్లలో 35 శాతం మందికే ఉంది. అంతకాలం బతికినవాళ్లనే లెక్కేశారు కదా అనే అభ్యంతరం సబబే. కానీ ఫిన్లండ్, ఆస్ట్రేలియాల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. ఫిన్లండ్‌లో 1950ల నుంచి 2005కల్లా కేసులు దాదాపు ఐదు రెట్లయ్యాయి. రెండు మూడు తరాల్లో ఒక జాతి జన్యువులు అంతగా మారవు. ఒకప్పుడు గట్టి ముప్పున్న పిల్లలే జబ్బుపడేవారు, ఇప్పుడు ఓ మోస్తరు ముప్పున్నవాళ్లూ పడుతున్నారు. అంటే చుట్టూ ఏదో మారింది. ఎంటెరోవైరస్‌ల మీద, పేగుల్లోని సూక్ష్మజీవుల మీద, చిన్నప్పుడే పెరిగే బరువు మీద అనుమానాలున్నాయి. ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టే రుజువు లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో ఈ జబ్బు మొదట్లో తక్కువే. 1970ల చివరి నుంచి పదేళ్లలోనే అక్కడి తెల్ల పిల్లల స్థాయికి చేరింది.

అపోహ: మేనరికం వల్లే.

వాస్తవం: మామూలు టైప్ 1 వెనక పదుల కొద్దీ జన్యువులుంటాయి, మేనరికం మీద తోసేయడం కుదరదు. ఆరు నెలలు నిండకుండానే సుగర్ వస్తే మాత్రం కథ వేరు. అది చాలావరకు ఒకే జన్యువులోని లోపం, కొన్ని రకాలకు మేనరికంతో సంబంధం ఉంది. అప్పుడు జన్యు పరీక్ష చేయించి తీరాలి. వాళ్లలో కొందరికి ఇన్సులిన్ ఆపేసి గ్లైబెంక్లమైడ్ మాత్రతో నడపొచ్చు.

అపోహ: జబ్బుపడిన బాబు చెల్లికి జన్యు పరీక్ష చేయిస్తే టెన్షన్ తీరిపోతుంది.

వాస్తవం: తీరదు. డీఆర్3, డీఆర్4 రెండూ ఉన్న పిల్లల్లోనూ ఎక్కువమందికి ఈ జబ్బు రాదు, లేనివాళ్లకీ రావచ్చు. యూరోపియన్ల డేటాతో తయారైన జన్యు స్కోరును (చాలా జన్యువుల ముప్పును కలిపి వేసే లెక్క) హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ, పుణె కేఈఎం ఆసుపత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు భారతీయుల్లో పరీక్షించారు. టైప్ 1నీ టైప్ 2నీ విడదీయడానికి అది బాగానే పనికొచ్చింది, కానీ జబ్బు ఎవరికి రాబోతుందో ముందే చెప్పడం వేరే పని. చెల్లి విషయంలో నేనైతే ఆ ఖర్చు యాంటీబాడీ పరీక్షకు (ఇన్సులిన్ కణాల మీద రోగనిరోధక వ్యవస్థ దాడి మొదలుపెట్టిందా అని రక్తంలో చూసేది) పెట్టమంటాను. రెండు లేదా అంతకన్నా ఎక్కువ రకాల యాంటీబాడీలు పాజిటివ్ వస్తే జబ్బు లోపల మొదలైనట్టే. ఆ తర్వాత, సుగర్ కొంచెం తేడా పడ్డ దశలో ఇచ్చే టెప్లిజుమాబ్ మందుకు 2022లో అమెరికా అనుమతి వచ్చింది. అది జబ్బు పూర్తిగా బయటపడటాన్ని దాదాపు రెండేళ్లు వెనక్కి నెడుతుంది.