డా నాంగ్ ప్రయాణం, అపోహలు - వాస్తవాలు: దసరా టికెట్లు కొనేముందు చదవండి

ఏటా ఆగస్టు వచ్చేసరికి ఒకే మాట మొదలవుతుంది. "దసరా సెలవుల్లో నాలుగు రోజులు వియత్నాంలో డా నాంగ్ వెళ్తున్నాం, ప్లాన్ చేసిపెట్టండి." చాలామంది అప్పటికే టికెట్లు కొనేసి ఉంటారు. హోటల్ సగం రేటుకే దొరికిందని సంబరంగా చెబుతారు. ఆ రేటు ఎందుకు పడిపోయిందో ఎవరూ వాళ్ళకి చెప్పి ఉండరు.

అపోహ: అక్టోబర్ నుంచి మార్చి వరకు వియత్నాంకి మంచి సీజన్

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క అపోహ వల్లే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణం దాకా దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవున సాగిన దేశం. దేశమంతటికీ కలిపి ఒక సీజన్ లేదు. నవంబర్, డిసెంబర్ నెలల్లో హనోయ్‌లో చల్లగా, పొడిగా ఉంటుంది. హో చి మిన్ సిటీలో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు ఉండవు. ఈ రెండు ఊళ్ళ సంగతి చూసి "వియత్నాంకి చలికాలం బెస్ట్" అని రాసేస్తారు. మధ్యలో ఉన్న డా నాంగ్ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

కారణం కొండలు. డా నాంగ్‌కి పడమట చూంగ్ సన్ పర్వతశ్రేణి గోడలా నిలబడి ఉంటుంది. మే నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి తెచ్చే వాన ఆ గోడకి అవతల, లావోస్ వైపే కురిసిపోతుంది. ఇవతలికి దిగేది వేడి పొడిగాలి. సెప్టెంబర్ దాటాక గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. సముద్రం మీద తేమ పట్టుకుని వచ్చి అదే గోడకి ఈ వైపు నుంచి తగులుతుంది. ఇక వాన ఆగదు. తుపానులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. నెల్లూరు వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: హైదరాబాద్‌లో వానలు వెనక్కి తగ్గాక వాళ్ళకి అసలు వానాకాలం మొదలవుతుంది కదా, అలాగే.

డా నాంగ్‌లో ఒక్క అక్టోబర్ నెలలోనే సగటున 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడేది 800 చుట్టుపక్కల. అదే డా నాంగ్‌లో మార్చిలో 25 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నవంబర్‌లోనూ వాన గట్టిగానే ఉంటుంది. డిసెంబర్‌లో తగ్గుతుంది గానీ ఆకాశం ముసురు పట్టే ఉంటుంది, సముద్రం దిగేలా ఉండదు.

"వాన పడితే ఏముంది, గొడుగు తీసుకెళ్తాం" అంటారు. గొడుగుతో తీరే సమస్య కాదు ఇది. జనం డా నాంగ్ వెళ్ళేదే మూడు నాలుగు చోట్ల కోసం, వాన దెబ్బ సరిగ్గా వాటికే తగులుతుంది. బా నా కొండ సుమారు 1,487 మీటర్ల ఎత్తు. ఆ నెలల్లో మబ్బు దిగితే గోల్డెన్ బ్రిడ్జ్ మీద నిలబడినా దాన్ని మోస్తున్నట్టుండే, రాతిలా కనిపించే ఆ పెద్ద చేతులు కనపడవు. పైకి వెళ్ళాక మబ్బు పట్టిందని టికెట్ డబ్బు వెనక్కి రాదు, ఆ టికెట్ మనిషికి పది లక్షల డాంగ్‌ల (వాళ్ళ కరెన్సీ) దరిదాపుల్లో ఉంటుంది. గాలి ఎక్కువైతే చామ్ దీవులకి పడవలు ఆపేస్తారు. హోయ్ ఆన్ పాత పట్టణం తూ బోన్ నది ఒడ్డునే ఉంది. 2025 అక్టోబర్ చివర్లో ఆ వీధుల్లో జనం పడవల్లో తిరగాల్సి వచ్చింది. డా నాంగ్‌లోని 'మీ ఖే' అనే బీచ్‌లో ఎర్రజెండా ఎగురుతుంటే మోకాళ్ళ లోతుకి కూడా దిగకండి, అలల కింద లాగేసే ప్రవాహం ఉంటుంది.

మన సెలవులతో లెక్క చూసుకుంటే ఇలా ఉంటుంది. దసరా, దీపావళి: వద్దు. సంక్రాంతి: చల్లగా, మబ్బుగా ఉంటుంది, ఊళ్ళు తిరగడానికి పరవాలేదు, సముద్రస్నానానికి కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా: అన్నిటికన్నా మేలు. ఒక్క టెట్ పండుగ వారం మాత్రం తప్పించండి, వాళ్ళ కొత్త సంవత్సరం అది. 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. అప్పుడు చిన్న హోటళ్ళు, దుకాణాలు మూసి ఉంటాయి, లోపలి విమానాల రేట్లు పెరుగుతాయి. ఏప్రిల్ 30, మే 1 కూడా వాళ్ళకి సెలవులే, బా నాలో కేబుల్ కార్ లైన్ చాలా పొడుగు. పిల్లల వేసవి సెలవుల్లో మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా మన కుటుంబాలకి చక్కగా కుదురుతుంది. ఎండ గట్టిగానే ఉంటుంది, కాబట్టి ఆరుబయట తిరిగేది పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత.

టికెట్లు ఇప్పటికే కొనేశారా? కంగారు పడకండి, నష్టం తగ్గించుకునే దారి ఉంది. హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. హోయ్ ఆన్‌లో నది పక్కన కింది అంతస్తు గది వద్దు, మకాం డా నాంగ్ నగరంలో పెట్టండి. బా నా టికెట్ ముందే కొనకండి. మొదటి రోజు నుంచీ ఆకాశం చూస్తూ, తెరిపిచ్చిన పొద్దున కొనుక్కుని వెళ్ళండి. తిరుగు విమానానికి ముందు రాత్రి డా నాంగ్‌లోనే ఉండండి. వాన రోజుకి చామ్ శిల్పాల మ్యూజియం పెట్టుకోండి. 1919లో తెరిచిన ఆ మ్యూజియంలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు శివుడు, గణపతి, నర్తకీమణుల విగ్రహాలున్నాయి. ఈ ప్రాంతాన్ని చంపా రాజుల కాలంలో అమరావతి అనేవారు. మన అమరావతి శిల్పాలు చూసినవాళ్ళు అక్కడ ఒక గంటలో బయటికి రాలేరు.

అపోహ: ఎయిర్‌పోర్టులో దిగాక వీసా కొట్టించుకోవచ్చు

కుదరదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ముందే వీసా ఉండాలి, తేలికైన దారి ఈ-వీసా; అది లేకుండా ఇక్కడే విమానం ఎక్కనివ్వరు. "ఫూ క్వాక్‌కి వీసా అక్కర్లేదు" అన్న మాట నిజమే, కానీ అది ఆ దీవికి మాత్రమే. డా నాంగ్‌కి వర్తించదు.

ప్రభుత్వ సైట్ ఈవీసా డాట్ గవ్ డాట్ వీఎన్. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు వెళ్ళిరావడానికి 50. గరిష్ఠంగా 90 రోజులు. చూడటానికి అలాగే ఉండే ప్రైవేటు సైట్లు దీనికి రెండు మూడు రెట్లు గుంజుతాయి. మూడు పనిదినాలు అని చెబుతారు, వాళ్ళ సెలవులు అందులో కలవవు. మూడు వారాల ముందే పెట్టండి.

తిరస్కరణలు, తిప్పలు ఎక్కువగా మన పేర్ల దగ్గరే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి ఉంటే ఫారంలోనూ అలాగే, పొడి అక్షరాలు వద్దు. పాస్‌పోర్ట్ కింది రెండు వరుసల్లో ఉన్న పేరే ప్రామాణికం. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ డబ్బు. ఫోటోలో కళ్ళజోడు ఉండకూడదు. ప్రవేశ తేదీ మీరు దిగే రోజుకి ఒకరోజు ముందు వేయండి, ఆ తేదీకి ముందు దిగితే లోపలికి రానివ్వరు.

ఇంకొక ముఖ్యమైన గడి, ప్రవేశ ద్వారం. హో చి మిన్ సిటీలో విమానం మారి డా నాంగ్ వెళ్తుంటే ఇమిగ్రేషన్ హో చి మిన్ సిటీలోనే జరుగుతుంది. కాబట్టి ఆ గడిలో అక్కడి విమానాశ్రయం పేరు, తాన్ సన్ న్యాట్ అని పెట్టాలి, డా నాంగ్ అని కాదు. సామాను కూడా అక్కడ తీసుకుని, దేశీయ టెర్మినల్‌కి మారి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. రెండు విమానాలకీ మధ్య నాలుగు గంటలైనా ఉంచుకోండి, ముఖ్యంగా రెండూ వేరు వేరు టికెట్లయితే.

అపోహ: ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉంటే బండి నడపొచ్చు

మనకి ఆర్టీఓ ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని, కాబట్టి మనది అక్కడ చెల్లదు. అద్దెకిచ్చేవాళ్ళు ఏమీ అడగకుండా తాళం ఇస్తారు, నిజమే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి కాగితం ఇదే, ఆసుపత్రి ఖర్చంతా మీ మీదే పడుతుంది. ఊళ్ళో యాప్‌లో పిలిచే గ్రాబ్ కారు చవక, ఎయిర్‌పోర్ట్ నగరం మధ్యలోనే ఉంది. హై వాన్ కనుమ చూడాలంటే కారు మాట్లాడుకోండి, లేదా హుయే వెళ్ళే రైలెక్కి కుడివైపు కూర్చోండి, సముద్రం అటే.

అపోహ: మూడు రోజుల్లో అన్నీ అయిపోతాయి

బా నాకి ఒక పూర్తి రోజు. మార్బుల్ మౌంటెన్స్, హోయ్ ఆన్ ఒకే దారిలో ఉన్నాయి కనుక రెండూ కలిపి ఒక రోజు: మధ్యాహ్నం మూడుకి కొండలు, చీకటి పడేసరికి హోయ్ ఆన్ దీపాలు. పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు, వాళ్ళ చాంద్రమాసంలో 14వ తేదీ రాత్రి, పాత పట్టణంలో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లే వెలిగిస్తారు. 'మీ సన్' అనే చోటున్న చంపా కాలపు శివాలయాలకి వేరే ఒక పూట, అదీ తెల్లవారగానే. డా నాంగ్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. డ్రాగన్ బ్రిడ్జ్ నిప్పు, నీళ్ళు చిమ్మేది శుక్ర, శని, ఆదివారాల రాత్రి తొమ్మిదికి. కాబట్టి మీ నాలుగు రోజుల్లో ఒక వారాంతం పడేలా చూసుకోండి.

2025 జులై 1న క్వాంగ్ నామ్ రాష్ట్రాన్ని డా నాంగ్‌లో కలిపేశారు. అందుకని ఇప్పుడు హోయ్ ఆన్ హోటల్ చిరునామాలో కూడా డా నాంగ్ అని రావచ్చు, అది నగరానికి 30 కిలోమీటర్ల దూరం. మ్యాప్‌లో డా నాంగ్ నగరం మధ్య పారే హాన్ నది ఎక్కడుందో చూసుకుని బుక్ చేయండి.

అపోహ: శాకాహారులకి తిండి దొరకదు

దొరుకుతుంది, అడిగే మాట తెలియాలి. "మాంసం వద్దు" అంటే చేప, రొయ్య వేసి పెడతారు, వాళ్ళ లెక్కలో అవి మాంసం కావు. కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. "చాయ్" అని అడగండి. టీ కాదు, వాళ్ళ భాషలో బౌద్ధుల శాకాహారం అని అర్థం. బోర్డు మీద "కమ్ చాయ్" అని ఉన్న హోటల్లో మాంసం, చేపల సాస్ రెండూ ఉండవు. గుడ్డు కూడా తినకపోతే దాన్ని విడిగా చెప్పాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చాలామంది అక్కడివాళ్ళే చాయ్ తింటారు, ఆ రెండు రోజులూ వెతుక్కోవలసిన పని కూడా తక్కువ.

డబ్బు విషయంలో ఒకటే జాగ్రత్త. 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, రాత్రి కారు దిగేటప్పుడు ఒకటి అనుకుని ఇంకొకటి ఇచ్చేస్తారు. 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి.