ఆఫీసు మిద్దెతోట: "రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నామండీ"

సోమవారం పొద్దున్నే ఫోను మోగిందంటే సంగతేమిటో నాకు ముందే తెలుసు. "మిరప మొక్కలన్నీ వాడిపోయాయండీ. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం." ఆఫీసుల మిద్దెల మీద ఉద్యోగులచేత కూరగాయలు పెంచించడం నా పని. ఈ మాట వినకుండా ఒక్క నెల కూడా గడవదు.

అపోహ: మొక్క వాడిందంటే దానికి దాహం వేసినట్టే.

వాస్తవం: వేర్లకూ గాలి కావాలి. మట్టిలో గాలి ఉండాల్సిన ఖాళీలన్నీ నీటితో నిండితే వేర్లకు ఊపిరాడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు, దాంతో ఆకులు వేలాడతాయి. చూడటానికి అచ్చం దాహమే. అది చూసి ఇంకో చెంబెడు పోస్తారు. ఇంటి దగ్గరైతే పోసేది ఒక్కరే. ఆఫీసులో టీ తాగడానికి పైకి వచ్చిన ప్రతివారూ జాలిపడి సీసాలో మిగిలినవి ఒంపి వెళ్తారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు.

హైదరాబాదులో ఒక ఆఫీసుకు ఇలాగే వెళ్లి, వాడిన మొక్క ఉన్న గ్రోబ్యాగును (మట్టి నింపి మొక్కలు పెంచే సంచి) పక్కకు వంచాను. అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. మొక్క పట్టి లాగితే ఇట్టే ఊడి వచ్చింది. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగుకు తిరిగాయి, నలిపితే తొక్క జారిపోయింది, మురుగు వాసన. పక్కనే నిలబడిన అకౌంట్స్ మేడం మెల్లగా అన్నారు: "నా చేయి మంచిది కాదండీ. ఇంట్లో తులసి కూడా బతకలేదు." ఇలా తమను తాము తిట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. "మీ ఒక్క చేయి కాదమ్మా, ఇక్కడ ఇరవై చేతులు పడ్డాయి" అన్నాను.

మందు చాలా చిన్నది. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, తడి తగిలితే పోయకండి. ప్రతి బ్యాగుకూ ఒకరి పేరు రాసి కట్టండి, ఆ బ్యాగుకు వారు తప్ప ఎవరూ నీళ్లు పోయకూడదు. మధ్యాహ్నం రెండింటికి వంగ, సొర ఆకులు వాలుతాయి, చల్లబడ్డాక అవే లేస్తాయి. ఆ పూట కంగారు పడవద్దు. శని, ఆదివారాల వంతు ఎవరిదో శుక్రవారమే తేల్చుకోండి. వాచ్‌మన్ చూసుకుంటాడులే అని వదిలేస్తే ఆ రెండు రోజుల్లో అసలైన దాహం ఏమిటో మొక్క చూపిస్తుంది.

ఇక మిగతా అపోహలు, సందేహాలు.

మిద్దె కూలిపోతుందా? బ్యాగులతో కాదు, లెక్క లేకపోతేనే భయం. పన్నెండు అంగుళాల బ్యాగు నిండా ఎర్రమట్టి తడిస్తే 30 కిలోలు దాటుతుంది. సగం కొబ్బరిపొట్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. బ్యాగులు దూలాల మీదుగా, గోడల వెంట పెట్టండి. స్లాబు మీదే అడుగు మందాన మట్టి పరిచి మడులు కడతామంటే మాత్రం చదరపు మీటరుకు దాదాపు అరటన్ను పడుతుంది. ఇంజనీరును అడగకుండా ఆ జోలికి పోకండి.

క్యాంటీన్ ఖర్చు తగ్గుతుందా? తగ్గదు. నలభై బ్యాగుల తోటకూర వందమందికి ఒక్క పూట పప్పులోకి చాలితే గొప్ప.

ఉగాదికి ప్రారంభించమనే యాజమాన్యాలున్నాయి. లేత నారును ఏప్రిల్ ఎండలో స్లాబు మీద పెట్టడమంటే పెనం మీద పెట్టడమే. మృగశిర కార్తె దాకా ఆగండి. ఫొటోలే కావాలనుకుంటే జూన్ 5 పర్యావరణ దినోత్సవం ఎలాగూ ఆ పక్కనే ఉంది.

దోమలు మొక్కల్లో పుట్టవు, బ్యాగు కింద పళ్లెంలో నిలిచిన నీళ్లలో పుడతాయి. వారానికి రెండుసార్లు పారబోయండి. ఇక నెలసరిలో ఉన్నవాళ్లు ముట్టుకుంటే కరివేపాకు చస్తుందనే మాట ఇంకోసారి నా దగ్గర ఎత్తవద్దు. నేను చూసిన కరివేపాకులన్నీ నీళ్లు ఎక్కువై చచ్చినవే.

ఆ మేడంకు మిరప బదులు గోంగూర ఇచ్చాను. నెల దాటాక వెళ్తే మొక్క మోకాలెత్తు పెరిగి ఉంది. బ్యాగుకు దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఆవిడ చేతిరాత: "నీళ్లు పోయకండి. వేలు పెట్టి చూశాను."