చైనా లిపిలో గవ్వ రాడికల్: అపోహలు - వాస్తవాలు

చైనీస్ నేర్చుకునేవాళ్లకు తొందరగా నచ్చే రాడికల్ (నిఘంటువులో అక్షరాలను వర్గీకరించడానికి వాడే భాగం) ‘బెయ్’. సంప్రదాయ లిపిలో ఏడు గీతలు: నిలువు పెట్టె, లోపల రెండు అడ్డగీతలు, కింద రెండు కాళ్లు. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు 214 రాడికల్స్‌లో దీనిది 154వ స్థానం. దీని గురించి తరగతిలో పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇది ముత్యపు చిప్ప.

వాస్తవం: కాదు, గవ్వ. మనం అష్టాచెమ్మాలో వేసే గవ్వ లాంటిదే. 1976లో చైనాలోని అన్యాంగ్‌లో తవ్విన ప్రాచీన షాంగ్ వంశపు రాణి ఫూ హావ్ సమాధిలో ఇవి 6 వేలకు పైగా దొరికాయి.

అపోహ: అప్పట్లో గవ్వంటే బజారు చిల్లరే.

వాస్తవం: కంచు పాత్రల మీది రాతల్లో గవ్వలు ఎక్కువగా రాజు ఇచ్చే బహుమానంగా కనిపిస్తాయి. 1963లో బావోజీలో దొరికిన ‘హ’ పాత్ర చూడండి. రాజు తనకు 30 పేటల గవ్వలిచ్చాడని, అందుకే ఈ పాత్ర పోయించానని ‘హ’ అనే వ్యక్తి దాని లోపల రాయించుకున్నాడు.

అపోహ: గవ్వ కనిపిస్తే అర్థం డబ్బే.

వాస్తవం: చాలాసార్లు నిజమే. ‘కొను’లో గవ్వ మీద వల ఉంటుంది. ‘పేద’లో గవ్వ మీద ‘పంచు’ ఉంటుంది. కానీ ‘ఓడు’ (బాయ్) అక్షరంలో గవ్వ ఉన్నది ప్రధానంగా ఉచ్చారణ కోసం. అక్కడ రాడికల్ పక్కనున్న ‘కొట్టడం’ అనే అర్థమున్న భాగం.

అసలు చిక్కు ‘దొంగ’ (ట్సెయ్) దగ్గర వస్తుంది. గవ్వల కోసం ఆయుధం పట్టినవాడు అని కథ చెప్పేస్తుంటారు. గుర్తుంచుకోవడానికి బాగానే ఉంటుంది గానీ అది పుట్టుక కాదు. పాత రూపంలో ఆయుధం పక్కనున్నది ‘నియమం’ (ట్సె) అనే అక్షరం, శబ్దం కోసం పెట్టింది. ఆ ‘నియమం’లోనూ మొదట ఉన్నది గవ్వ కాదు, ‘డింగ్’ అనే కంచు వంటపాత్ర, పక్కన కత్తి. రాతలో సులువు కోసం పాత్ర బొమ్మను కుదించుకుంటూ పోతే చివరికి గవ్వలా తేలింది. సోది అడగడాన్ని చెప్పే ‘జన్’ అక్షరానిదీ ఇదే కథ. అయినా నిఘంటువు ‘దొంగ’నూ ‘జన్’నూ గవ్వ కిందే పెట్టింది. రాడికల్ పని అక్షరాన్ని వెతకడానికి దారి చూపడం. పుట్టుక తెలియాలంటే ఎముకల మీద, కంచు మీద ఉన్న పాత రూపాలే చూడాలి.

అపోహ: నాలుగు గీతల సరళ రూపాన్ని 1956లో లిపిని సులభం చేసినప్పుడు కొత్తగా పుట్టించారు.

వాస్తవం: అది వేగంగా రాసే పాత గొలుసుకట్టు రాత నుంచి తీసుకున్నది. అయితే సరళ లిపిలో ‘కొను’, ‘అమ్ము’ రెండింట్లోనూ గవ్వ మాయమైంది. అందుకే వీటిని ముందు సంప్రదాయ రూపంలోనే నేర్పిస్తాను.