మీరు ఎన్‌హెచ్‌ఎల్ ఆడారా అండీ?

శనివారం పొద్దున ఆరున్నరకి కెనడాలోని మిసిసాగాలో, ఐస్ హాకీ రింక్‌లో లేసులు బిగిస్తుంటే ఎవరో ఒక నాన్నగారు వచ్చి ఈ ప్రశ్న వేస్తారు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఐస్ హాకీలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్. లేదండీ, జూనియర్స్ దాకా ఆడాను, మోకాలు పోయింది, కోచింగ్‌లోకి వచ్చాను అంటాను. అప్పుడు ఆయన మొహం చూడాలి, డాక్టరు అనుకుని కాంపౌండర్ దగ్గరికి తెచ్చినట్టు.

అపోహ: పెద్ద ఆటగాడే మంచి కోచ్.

వాస్తవం: ఎన్‌హెచ్‌ఎల్ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీవి గోల్స్, అసిస్ట్‌లు కలిపి 2,857 పాయింట్లు. ఇంకెవరూ 2,000 కూడా దాటలేదు. అలాంటివాడు 2005 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు ఫీనిక్స్ కొయోటీస్‌కి కోచ్‌గా ఉంటే, ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కి చేరలేదు. జట్టూ అంతంతమాత్రమే అనుకోండి. స్కాటీ బౌమన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, కోచ్‌గా 9 స్టాన్లీ కప్‌లు, అంటే ఆ లీగ్ ట్రోఫీలు, గెలిచాడు. టాంపా బే జట్టుకి 2020, 2021లో వరసగా కప్ తెచ్చిన జాన్ కూపర్ ఫుల్‌టైమ్ కోచ్ కాకముందు లాయర్.

బాగా ఆడేవాడికి ఆట ఒంట్లో ఉంటుంది, నోటికి రాదు. నా మొదటి సీజన్లో తొమ్మిదేళ్ల పిల్లలతో "గ్యాప్ వదలొద్దు" అని అరిచాను. ఒక బుడ్డోడు ఆగి, "ఎంత గ్యాప్ కోచ్?" అన్నాడు. పదేళ్లు డిఫెన్స్ ఆడినవాడిని, జవాబు లేదు. "నీ స్టిక్ చాపితే అవతలివాడికి కొన తగిలేంత" అని చెప్పడం తెలిసేసరికి రెండు వారాలు పట్టింది.

మరి మార్టిన్ సెయింట్ లూయీ? హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన గొప్ప ఆటగాడు. 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ జట్టు కోచ్‌గా తీసుకునేనాటికి అతను హెడ్ కోచ్‌గా చేసింది పిల్లల జట్లకే. పేరు చూసి ఇచ్చారన్నారు. కొంత నిజమే. కానీ ఆ ఏడాది లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు 2025లో ప్లేఆఫ్స్ ఆడింది. పిల్లలకి విడమర్చి చెప్పిన ఆ ఏళ్లు ఊరికే పోలేదని నా నమ్మకం.

ఈ అపోహకి డబ్బులు పోయేది మనవాళ్లకే. తెలిసిన ఒకాయన మాజీ ప్రొఫెషనల్ పేరు చూసి సమ్మర్ క్యాంప్‌కి ఫీజు కట్టారు. స్టార్ మొదటిరోజు ఫొటోలు దిగి వెళ్లిపోయాడు. పిల్లాడు వారమంతా వరసలో నిలబడ్డాడు. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: గంటలో మావాడు ఎన్ని నిమిషాలు కదులుతాడు?

మిగతా అపోహలు గబగబా. నాలుగేళ్లకే మొదలుపెట్టకపోతే అయిపోయినట్టేనా? కాదు, టెన్షన్ పడకండి. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కుర్రాళ్లని వరసగా ఎంచుకునేచోట, ఎంపిక కాకపోతే కెరీర్ లేదా? సెయింట్ లూయీని ఎవరూ ఎంచుకోలేదు. బాడీ చెకింగ్, అంటే అవతలివాడిని ఒంటితో ఢీకొట్టడం, చిన్నప్పుడే నేర్పాలా? 11, 12 ఏళ్లవాళ్లకి హాకీ కెనడా 2013లోనే ఆపేసింది. కోచ్ అరవాలా? షిఫ్ట్, అంటే ఆటగాడు ఒక విడతలో ఐస్ మీద ఉండేదే ముప్పావు నిమిషం, వినేదెవరు?

ఆ క్యాంప్ నాన్నగారు ఇప్పుడు నా దగ్గరికే వస్తున్నారు. మొన్న కంగారుగా అడిగారు, "వచ్చే వారం ప్రాక్టీస్ అయిదున్నరకట, నిజమేనా?"

అది మాత్రం వాస్తవమే అండీ.