లోనికి జారేది ఒకటి, బయటికి చిమ్మేది ఒకటి: న్యూట్రాన్ జంట తారల పరిశీలన వెనుక కథ

2015 సెప్టెంబరు 28 ఉదయం 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 లేచినప్పుడు ఆ దీవి ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది; 2022 పునర్విభజనలో అది తిరుపతి జిల్లాకు వెళ్లింది. రాకెట్ పొగ చార కోసం మేడలెక్కి దక్షిణానికి చూడడం మనకు అలవాటే గాని, ఆనాడు పైకి వెళ్లిన మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ దేనిని చూడడానికి వెళ్లిందో ఆరా తీసినవారు తక్కువ. అది చూడదలచిన వాటిలో ముఖ్యమైనవి, తోడు నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కునే న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రాల నుంచి మిగిలిన గట్టి గుండెకాయలు.

నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు ఉన్నంత అడ్డుకొలత కూడా లేని గోళంలో సూర్యుడిని మించిన ద్రవ్యరాశి ఇమిడి ఉంటే దాని ఆకర్షణ ఎంతటిదో ఊహించవచ్చు. తోడు నక్షత్రం నుంచి జారిన వాయువు సుడులు తిరుగుతూ పళ్లెంలా పరచుకొని, కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. అందులో కొంత భాగం లోపల పడకుండా సన్నని ధారలుగా, అంటే జెట్లుగా, బయటికి చిమ్ముతుంది. ఆ ధారల ఆనవాలు రేడియో తరంగాలలో దొరుకుతుంది. ఎక్స్ కిరణాలను భూమి వాతావరణం మింగేస్తుంది కనుక వాటికోసం రాకెట్ తప్పదు, రేడియో తరంగాలకు మాత్రం నేలమీది యాంటెన్నాలు చాలు. ఒకే వస్తువును చూసే రెండు విద్యలు చాలాకాలం వేరువేరుగా పెరగడానికి ఇదొక కారణం.

కథ 1962 జూన్ 18న మొదలైంది. చంద్రుడి నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయేమోనని ఖగోళ శాస్త్రవేత్త రికార్డో జకోనీ బృందం ఒక చిన్న రాకెట్‌ను పంపితే, వృశ్చికరాశి దిక్కున మరేదో వెలుగు కనిపించింది. వెతికినది ఒకటి, దొరికినది మరొకటి. స్కార్పియస్ ఎక్స్-1 అని పేరుపెట్టిన ఆ వెలుగుకు మూలం పదార్థాన్ని లాక్కునే న్యూట్రాన్ నక్షత్రమేనని 1967లో సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ ప్రతిపాదించాడు. 1970 డిసెంబరులో కెన్యా తీరం నుంచి ఎగసిన ఉహురు ఉపగ్రహం, సెంటారస్ ఎక్స్-3 ప్రతి 4.8 సెకన్లకు ఒకసారి మినుకుమంటోందని చూపడంతో అనుమానాలు దాదాపు తీరాయి.

అసలు చిక్కు రేడియో వైపు వచ్చింది. స్కార్పియస్ ఎక్స్-1 నుంచి రేడియో తరంగాలు 1960ల చివరికే అందాయి. దాని జెట్ల కొసలు కాంతివేగంలో దాదాపు సగం వేగంతో కదలడాన్ని 2001లో ప్రచురించారు. అయితే ఆ నక్షత్రపు అయస్కాంత క్షేత్రం బలహీనమైనది. లక్ష కోట్ల గాస్‌ల (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) స్థాయి క్షేత్రం గల వాటిలో ఎంత వెతికినా జెట్ కనబడకపోవడంతో, బలమైన క్షేత్రం పళ్లెం లోపలి అంచును దూరంగా నెట్టి జెట్ పుట్టకుండా చేస్తుందన్న అభిప్రాయం స్థిరపడింది. జెట్ కనబడకపోవడానికి కారణం అది లేకపోవడమా, మన పరికరం చాలకపోవడమా అన్న ప్రశ్నను, నా దృష్టిలో, అప్పుడే గట్టిగా అడగవలసింది. 2017 అక్టోబరులో బలమైన క్షేత్రం గల న్యూట్రాన్ నక్షత్రమున్న స్విఫ్ట్ జె0243.6+6124 అనే జంట ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు, మెరుగుపరచిన వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపుకు అక్కడ జెట్ చిక్కింది. ఆ ఫలితం 2018లో వెలువడింది. అంతే ఎక్స్ కిరణ కాంతి గల ఇతర న్యూట్రాన్ నక్షత్రాలతో పోలిస్తే ఆ రేడియో వెలుగు వంద రెట్లు తక్కువ.

ఫోన్ నంబరు లాంటి పేరున్న 4యూ 1728-34 అనే మరో న్యూట్రాన్ నక్షత్రం కథ మనకు మరింత దగ్గరిది. 2016 మార్చిలో ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ పరికరం దానిపై ఒక అణు విస్ఫోటనాన్ని పట్టి, ఆ వెలుగు సెకనుకు 363 సార్లు ఊగుతోందని గుర్తించింది. ఆ నక్షత్రపు భ్రమణ వేగం అదే. పైన పేరుకున్న వాయువు ఒక్కసారిగా మండడం వల్ల పుట్టే ఇలాంటి విస్ఫోటనాలనే గడియారంగా వాడుకొని, ఇంటెగ్రల్ ఉపగ్రహం ఎక్స్ కిరణాలను చూస్తుండగా ఆస్ట్రేలియాలోని యాంటెన్నాలు అదే సమయంలో రేడియోను నమోదు చేశాయి. ప్రతి పేలుడు తరువాత కొన్ని నిమిషాలకు జెట్ ప్రకాశించింది. రెండు పౌనఃపున్యాలలో ఆ ప్రకాశం చేరిన ఆలస్యాల తేడా నుంచి జెట్ వేగం కాంతివేగంలో 0.38 వంతు, అంటే సెకనుకు సుమారు 1,14,000 కిలోమీటర్లు, అని 2024 మార్చిలో ప్రకటించారు.

అదే ఏడాది జనవరి 1న శ్రీహరికోట నుంచే ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం వెళ్లింది. రామన్ పరిశోధన సంస్థ తయారుచేసిన పోలిక్స్ అనే పరికరం అందులో ఉంది. బలమైన క్షేత్రం గల నక్షత్రాల ఎక్స్ కిరణాలు ఏ దిశలో కంపిస్తున్నాయో కొలవడం దాని పని.