తరుగు ఎవరి బస్తాకు?

"నల్లమలలో యురేనియం తవ్వాలా వద్దా అన్నదాని మీద సైన్స్ సరిగ్గా చెప్తే పిల్లలంతా ఒకే మాట మీదికి వస్తారు కదా?" దేవరకొండ వైపు ఒక టీచర్ నన్ను అడిగారు. రారు. ఎందుకు రారో చెప్పడానికి వడ్లు కొనే ఐకేపీ సెంటర్ కంటే మంచి పోలిక నాకు దొరకలేదు.

అక్కడ తేమ మిషన్ ఉంటుంది. 17 శాతం దాటితే వడ్లు మళ్లీ ఆరబోసుకోవాలి. తాలు ఉందని, మట్టి ఉందని బస్తాకు ఇంత అని తరుగు తీస్తారు. ఇప్పుడు ఆ మిషన్ మన చేతిలోనే ఉందనుకోండి. ఎదుటివాడి బస్తాను నాలుగు చోట్ల గుచ్చి చూస్తాం. మన బస్తా దగ్గరికి వచ్చేసరికి పైపైన చెయ్యి పెట్టి "ఎండినయ్, కాంటా పెట్టుండ్రి" అంటాం. వాదనలో మన బుద్ధి చేసే పని ఇదే.

1979లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెప్పర్ దీన్ని చక్కగా పట్టుకున్నారు. ఉరిశిక్ష కావాలనే విద్యార్థులు 24 మంది, వద్దనేవాళ్లు 24 మంది. అందరికీ రెండు పరిశోధనల సారాంశాలు ఇచ్చారు. ఉరిశిక్షతో హత్యలు తగ్గాయని ఒకటి, తగ్గలేదని ఇంకొకటి. రెండూ వీళ్లు తయారుచేసినవే. ఒకదాని పద్ధతి అదే రాష్ట్రంలో ముందూ వెనకా పోల్చడం, రెండోదాని పద్ధతి పక్కపక్క రాష్ట్రాలను పోల్చడం. సగం మందికి పద్ధతులు తారుమారు చేశారు. అయినా రెండు వర్గాలవాళ్లకూ మొత్తమ్మీద తమకు నచ్చిన ఫలితమిచ్చిన పద్ధతే గట్టిదనిపించింది, రెండోదానికి తరుగు తీశారు. చదవక ముందుకంటే తమ అభిప్రాయం ఇంకా బలపడిందనే చెప్పారు.

నల్లమలలో యురేనియం తవ్వొద్దని 2019 సెప్టెంబర్‌లో మన తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ విషయం మీద పదో తరగతి పిల్లలు వాదించుకుంటుంటే వెనక బెంచీలో కూర్చొని విన్నాను. ఒక పిల్లవాడు లేచాడు. "రేడాన్ సగం కావడానికి 3.8 రోజులే సార్. నెల తిరిగేసరికి ఏమీ మిగలది. టెన్షనెందుకు?" రేడాన్ అంటే యురేనియం ఉన్న రాళ్లలోంచి పుట్టే రేడియోధార్మిక వాయువు. లెక్క కరెక్టే. నెలకు అర శాతం కూడా మిగలదు.

ఒకమ్మాయి "రేడాన్ పోతది, రేడియం పోదు కదా?" అంటూ బోర్డు దగ్గరికి వెళ్లి రాసింది: యురేనియం-238, కింద థోరియం-230, రేడియం-226, రేడాన్-222. పైది విచ్ఛిన్నమవుతూ క్రమంగా కిందిదాన్ని పుట్టించే గొలుసు అది. రేడియం సగం కావడానికి (దీన్నే అర్ధాయువు అంటారు) 1,600 ఏళ్లు, దాన్ని పుట్టించే థోరియానికి సుమారు 75,000 ఏళ్లు. మిల్లులో యురేనియం తీసుకున్నాక ఈ రెండూ వ్యర్థాల్లోనే ఉండిపోతాయి. ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అక్కడే మిగులుతుంది. బోరు పోస్తున్నంతసేపు తొట్టి ఖాళీ కాదు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

అదే అమ్మాయి రెండు నిమిషాలకు "పరీక్ష కోసం ఒక్క బోరు వేసినా ఊళ్లల్ల నీళ్లన్నీ విషమైతయ్" అంది. ఎంత కలుస్తుంది, ఏ రాతి పగుళ్లలోంచి వస్తుంది అని ఆమె జట్టులో ఒక్కరూ అడగలేదు. మామూలు గ్రానైట్‌లోనే టన్నుకు 3-4 గ్రాముల యురేనియం ఉంటుంది. అందుకే తాగునీటికి లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు పెట్టుకొని కొలుస్తారు. అంత చక్కగా గొలుసు రాసిన పిల్ల ఇక్కడ మిషన్ పక్కన పెట్టేసింది. చదువు మిషన్‌కు పదును పెడుతుంది, ఎవరి బస్తాను గుచ్చాలో చెప్పదు.

టీచర్లం మనమూ ఇంతే. ఫ్లోరోసిస్‌తో నడుం వంగితే పూర్వజన్మ పాపమన్నవాళ్లను నీళ్లలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు చూపించి నిలదీస్తాం. ప్లాంటు నీళ్లు తాగితే చాలన్నవాళ్లను మాత్రం ఏమీ అడగం. నీళ్లలోనే కాదు, టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

అడవి పోతుందన్న చెంచు పిల్లల దిగులును మాత్రం తాలు కింద తీసెయ్యకూడదు. తేమ మిషన్ తేమ చెప్తుంది, రేటు చెప్పదు. అడవి విలువ ఏ అర్ధాయువులోనూ లేదు.

లార్డ్, లెప్పర్, ప్రెస్టన్ 1984లో ఇంకో సంగతి చూపించారు. "పక్షపాతం లేకుండా చూడండి" అని చెప్తే పెద్దగా ఫలితం లేదు. "ఇదే పద్ధతిలో మీకు నచ్చని ఫలితం వచ్చుంటే ఇట్లాగే మెచ్చుకుంటారా?" అని ఆలోచించమంటే మొగ్గు తగ్గింది. ఆ అమ్మాయిని నేనూ అదే అడిగాను. ఒక్క బోరుతో ఏమీ కాదని కంపెనీవాళ్లు కొలత లేకుండా చెప్తే ఒప్పుకుంటావా అని. కాసేపు చాక్‌పీసు తిప్పుతూ నిలబడింది. "ముందుగాల ఇప్పటి నీళ్లల్ల ఎంతుందో తెల్వాలె సార్."

మర్నాడు ఇంటి బోరు నీళ్లు లీటరు సీసాలో పట్టుకొచ్చింది. మూత మీద తెల్ల ప్లాస్టర్ అంటించి తేదీ రాసింది. ఎక్కడ పరీక్ష చేయిస్తారని మొదట అడిగింది రేడాన్ పిల్లవాడే.