జిరాక్స్ షాపులో మిగిలిపోతున్న మన ఆధార్లు: ఇక్కడిదాకా ఎట్లా వచ్చాం

మొన్నామధ్య మా నాన్నగారి పొలం కాగితాల పని మీద గుంటూరు వెళ్లాను, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆధార్ కాపీలు రెండు కావాలన్నారు, నా ఫోన్లో పీడీఎఫ్ ఉంది కాబట్టి బ్రాడీపేటలో కనపడ్డ ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు తలెత్తకుండానే గోడకి అంటించిన కాగితం చూపించాడు. "ఆ నంబర్‌కి వాట్సాప్ కొట్టండి సార్." కొట్టాను. "పాస్‌వర్డ్ అడుగుతుందండి, పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం చెప్పండి." నా వెనక ఆరేడుగురు నిలబడి ఉన్నారు, వాళ్లందరూ వినేట్టే చెప్పాల్సి వచ్చింది.

ఫైల్ కోసం అతను డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. నాది అన్నిటికన్నా పైన ఉంది. దాని కింద వరసగా ఆధార్లు, పాన్ కార్డులు, టెన్త్ మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు, ఒక పసిపిల్ల బర్త్ సర్టిఫికెట్. అతను మౌస్ చక్రం ఒకసారి తిప్పితే అవి అట్లా కిందకి పోతూనే ఉన్నాయి. ఇవన్నీ ఎప్పటివి తమ్ముడూ అని అడిగాను. "షాపు పెట్టినకాడి నుంచి ఉన్నయ్యండి, సిస్టమ్ స్లో అయినప్పుడు మా ఓనర్ గారు కొన్ని తీసేస్తారు" అన్నాడు. అతను దాచుకోవాలని దాచినవి కావు అవి, తీసెయ్యాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. నాకు బాధ కలిగించింది కూడా అదే. ప్రైవసీ గురించి మన దేశంలో పదిహేనేళ్లుగా కోర్టుల్లో, పార్లమెంటులో, టీవీల్లో ఇంత చర్చ జరిగింది కదా, అందులో ఒక్క ముక్క కూడా ఈ కౌంటర్ దాకా రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరని మనలో చాలామందికి పట్టదు, మనకి అది పని పేరు. చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన 1938లో పొడి ఇంకుతో మొదటి కాపీ తీశాడు, 1959లో 914 అనే మోడల్‌తో ఆ మెషిన్ ఆఫీసుల్లోకి వచ్చింది, మన దేశంలో 1983లో మోడీ జిరాక్స్ పెట్టాక ఊరూరా పాకింది. ఆ పాత మెషిన్‌కి జ్ఞాపకం అంటూ ఉండదు. మీ కాగితం మీద లైటు పడుతుంది, డ్రమ్ము మీద బొమ్మ పడుతుంది, అది ఇంకో కాగితం మీదకి దిగుతుంది, తర్వాతి కాగితం రాగానే పాతది చెరిగిపోతుంది. ఒరిజినల్ మీ చేతికి, కాపీ మీ చేతికి. షాపులో మిగిలేది సరిగ్గా రాక చెత్తబుట్టలో పడేసిన కాగితం ఒక్కటే. దశాబ్దాల పాటు జిరాక్స్ తీయించుకున్న మనకి అలవాటైన నమ్మకం ఇదే, పని అయిపోయింది అంటే నిజంగానే అయిపోయింది అని. కొట్టు మారలేదు, బోర్డు మారలేదు, లోపల పని చేసే తీరు మొత్తం మారిపోయింది, ఆ నమ్మకం మాత్రం అట్లాగే ఉంది.

డిజిటల్ కాపియర్లు వచ్చినప్పుడే మొదటి మార్పు జరిగింది. అవి ముందు స్కాన్ చేసి తర్వాత ప్రింట్ చేస్తాయి, పెద్ద మోడళ్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. 2010లో అమెరికాలో సీబీఎస్ న్యూస్ వాళ్లు వాడేసిన కాపియర్లు కొన్ని కొని డిస్కులు విప్పి చూస్తే పోలీసు రికార్డులు, రోగుల వివరాలు బయటపడ్డాయి. అందులో ఒకటి అఫినిటీ అనే హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ వాడిన మెషిన్, ఆ ఒక్క వ్యవహారానికి 2013లో వాళ్లు 12 లక్షల డాలర్లకి పైగా కట్టాల్సి వచ్చింది. మన దగ్గర షాపుల్లో కనపడే పెద్ద మెషిన్లలో సెకండ్‌హ్యాండ్‌వే ఎక్కువ. వాటి డిస్క్ తుడిచి కొన్నారా, రేపు అమ్మేటప్పుడు తుడిచి అమ్ముతారా అని అడిగేవాళ్లే లేరు.

ఇక్కడ ఇంకో ప్రింటర్ కథ చెప్పాలి, ఎందుకంటే ఓపెన్ సోర్స్ (ఎవరైనా తెరిచి చదివి మార్చుకోగల ప్రోగ్రాం) అని ఇవాళ మనం అంటున్నదాని మొదలు కూడా ఒక జిరాక్స్ ప్రింటర్ దగ్గరే ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబ్‌కి ఆ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. దానికి ముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూసేవాళ్లకి మెసేజ్ వెళ్లేట్టు ఆ ల్యాబ్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాం మార్చి పెట్టుకున్నాడు. కొత్తదాంట్లో కూడా కాగితం ఇరుక్కుంటుంది, కానీ దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన మూల రూపం, ఇవ్వలేదు, మార్చడానికి లేదు. ఆ కోడ్ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానని ఆయన ఇవ్వలేదు. ఆ దెబ్బ స్టాల్‌మన్ మనసులో ఉండిపోయింది. 1983 సెప్టెంబర్‌లో ఎవరైనా చూసి మార్చుకోగల ప్రోగ్రాములు రాయడానికి గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు, ఆ తర్వాత ఆ హక్కుని కాపాడే జీపీఎల్ లైసెన్స్ వచ్చింది, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్‌ని నడిపే లినక్స్ వదిలాడు, ఇవాళ మన జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లినక్సే. కానీ స్టాల్‌మన్ అడిగిన ప్రశ్న, నా పని చేసి పెట్టే మెషిన్ లోపల ఏం జరుగుతోందో నేను చూడగలనా అన్నది, షాపు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఆధార్ సంగతికి వస్తే, మొదటి నంబర్ 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఊళ్లో ఇచ్చారు. ఇచ్చినప్పటి ఉద్దేశం వేలిముద్ర పెడితే మెషిన్ సరిచూసుకోవాలి అని, కాగితం కాపీతో పనే ఉండకూడదు. కానీ మన ఆఫీసులకి ఫైల్లో కాగితం ఉంటేనే నిమ్మళం, అందుకని ఆధార్ కూడా రేషన్ కార్డు జిరాక్స్‌లాగే మారిపోయింది, సిమ్‌కి ఒకటి, గ్యాస్‌కి ఒకటి, లాడ్జిలో రూముకి ఒకటి. అదే రోజుల్లో నెట్ సెంటర్లకి కూడా ఒక రూల్ వచ్చింది, 2011 సైబర్ కెఫే నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల గుర్తింపు వివరాలు కనీసం ఏడాది పాటు దాచిపెట్టాలి. దాచమని చెప్పిన ప్రభుత్వం, ఏడాది తర్వాత వాటిని ఎట్లా పారెయ్యాలో గట్టిగా చెప్పిన గుర్తు ఎవరికన్నా ఉందా?

ఆ తర్వాత వాట్సాప్. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 19 బిలియన్ డాలర్లకి కొన్నది, 2015 జనవరిలో వాట్సాప్ వెబ్ వచ్చింది, అప్పటినుంచే షాపుల్లో పెన్‌డ్రైవ్‌ల కాలం అయిపోవడం మొదలైంది. పెన్‌డ్రైవ్‌తో వైరస్ గోల, కేబుల్ పెడితే ఫోన్ కనపడదు, మెయిల్ చెయ్యమంటే సగం మందికి పాస్‌వర్డ్ గుర్తుండదు, వాట్సాప్ అయితే ముసలివాళ్లకి కూడా వచ్చు. షాపువాళ్లని తప్పుపట్టలేం, వాళ్లకి అంతకన్నా తేలికైన దారి ఇంకోటి ఎవరూ చూపించలేదు. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ మొత్తానికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టారు, అది సిగ్నల్ అనే ఇంకో మెసేజింగ్ యాప్ వాళ్లు తయారుచేసిన పద్ధతి, దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. వాట్సాప్ యాప్ కోడ్ మాత్రం మూసే ఉంటుంది. సరే, ఎన్‌క్రిప్షన్ నిజంగానే మంచిది, దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఇందులో ఒక ఎండ్ మన ఫోన్ అయితే రెండో ఎండ్ ఆ షాపు కంప్యూటర్. తాళం వేసిన పెట్టెలో పంపించాం, అవతల పెట్టె తెరిచి లోపలివి బల్ల మీద పెట్టి వదిలేశారు. మనం తర్వాత డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా, అప్పటికే డౌన్‌లోడ్ అయిన ఫైల్ పోదు. ఇది చాలామందికి తెలీదు, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

చట్టం వైపు జరిగింది తొందరగా చెప్పేస్తా. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టులో కేసు వేశారు, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు, 2018 సెప్టెంబర్ 26న ఆధార్ తీర్పు వచ్చింది, సిమ్ కార్డుకీ బ్యాంకు ఖాతాకీ ఆధార్ తప్పనిసరి కాదన్నారు. 2018లోనే వర్చువల్ ఐడీ (ఆధార్ నంబర్‌కి బదులు ఇచ్చుకునే తాత్కాలిక నంబర్), మాస్క్‌డ్ ఆధార్ తెచ్చారు, మాస్క్‌డ్‌లో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో లక్షా ముప్పై వేల మందికి పైగా ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలతో సహా అందరికీ కనపడేట్టు ఉన్నాయని వార్తలొచ్చాక తీసేశారు. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలవ్వడానికి అప్పటినుంచి 18 నెలల గడువు పెట్టారు. పని అయిపోయాక డేటా చెరిపెయ్యాలి అని ఆ చట్టంలో స్పష్టంగానే ఉంది, ఆ ఒక్క వాక్యం జిరాక్స్ షాపు దాకా వస్తే నాకు చాలు.

నన్ను ఎక్కువ కష్టపెట్టింది మాత్రం 2022 మే సంగతి. ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు 27వ తేదీన ఒక ప్రకటన ఇచ్చింది, ఎక్కడపడితే అక్కడ ఆధార్ జిరాక్స్ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి, నెట్ సెంటర్ల కంప్యూటర్లలో డౌన్‌లోడ్ చేస్తే తప్పకుండా డిలీట్ చెయ్యండి అని. సరిగ్గా కౌంటర్ దగ్గర జరిగేదాని గురించి ప్రభుత్వం నోటి నుంచి వచ్చిన మాట అది. జనం కంగారుపడ్డారని 29వ తేదీన వెనక్కి తీసుకున్నారు, మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలన్నారు. రెండే రోజులు! ఆ మాట అట్లాగే ఉంచి, మీసేవల్లో, సచివాలయాల్లో ఒక పోస్టర్ వేసి ఉంటే ఇవాళ ఆ కుర్రాడికి ఎవరో ఒకరు చెప్పినట్టే అయ్యేది.

ఏమవుతుందిలే అనేవాళ్లకి మన పక్కనే ఉదాహరణలు ఉన్నాయి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. 2023 ఆగస్టులో టెలికాం శాఖ ముఖాలు పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే విజయవాడలో ఒకే ఫొటో మీద 658 సిమ్ కార్డులు తేలాయి, ఒక మనిషికి ఉండాల్సింది మహా అయితే 9. పైగా చాలా షాపుల్లో లైసెన్స్ లేని విండోస్, అప్‌డేట్లు ఆపేసి ఉంటుంది. 2017 మేలో వనాక్రై వైరస్ వచ్చినప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకే తగిలింది, అప్‌డేట్ చెయ్యని విండోస్‌లోకే అది దూరింది. పోలీసులదే ఆ పరిస్థితి అయితే షాపుల సంగతి చెప్పేదేముంది.

ఇంకో విషయం కూడా నాకు మింగుడుపడదు. 2018లో బెంగళూరు ట్రిపుల్ ఐటీలో మోసిప్ అనే గుర్తింపు వ్యవస్థ మొదలుపెట్టారు, మొత్తం ఓపెన్ సోర్స్, ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా దాని మీదే తమ గుర్తింపు వ్యవస్థలు కట్టుకున్నాయి. మనవాళ్లు రాసిన కోడ్‌ని అక్కడివాళ్లు తెరిచి చదువుకోవచ్చు, మన ఆధార్ కోడ్ మనం చదవడానికి లేదు. ఆరోగ్య సేతు విషయంలో జనం గట్టిగా అడిగితే 2020 మే 26న ఆండ్రాయిడ్ కోడ్ బయటపెట్టారు, అంటే అడిగితే జరుగుతుంది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. క్యూలో నిలబడే బాధ తప్పింది, మా అమ్మకి కూడా సుఖంగానే ఉంది, కానీ ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య దారి ఒక విదేశీ కంపెనీ మూసిపెట్టిన యాప్ లోంచి పోతున్నప్పుడు దాని పక్కనే ఇంకో తెరిచిన దారి కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నా.

ఆ షాపుకి మళ్లీ రెండు ఆదివారాలు వెళ్లాను. ఓనర్ గారు యాభై దాటిన మనిషి, విని వెంటనే ఒప్పుకున్నారు. "మాకెవరూ చెప్పలేదండీ, ఎట్టా చెయ్యాలో చెప్తే చేత్తాం" అన్నారు. ముందు లినక్స్ వేద్దామని చూశాం, డెస్క్‌టాప్ బాగానే లేచింది, తెలుగు కూడా చక్కగా కనపడింది, కానీ షాపు మొత్తం ఆధారపడ్డ పాత లేజర్ ప్రింటర్‌కి డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) సరిగ్గా పనిచెయ్యలేదు, కంపెనీ ఆ లోపలి భాష బయటపెట్టలేదు. నలభై అయిదేళ్ల కింద ఎంఐటీలో తగిలిన గోడే బ్రాడీపేటలో మాకూ తగిలింది. చేసేదిలేక విండోస్‌నే ఉంచి అప్‌డేట్లు ఆన్ చేశాం, స్టోరేజ్ సెన్స్ అనే విండోస్ సెట్టింగ్‌లో డౌన్‌లోడ్స్ ఒక రోజు దాటితే పోయేట్టు పెట్టాం, లోకల్‌సెండ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ వేశాం, షాపు వైఫై మీదే ఫైల్ వచ్చేస్తుంది, నంబర్ ఇవ్వక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. పదిమందిలో ఇద్దరు ముగ్గురు వాడుతున్నారట, మిగతావాళ్లకి ఇంకా వాట్సాపే.

పాత ఫోల్డర్ ఖాళీ చేసేటప్పుడు కుర్రాడు చెయ్యి ఆపాడు. "ఒక్క నిమిషం సార్, మా అమ్మది కూడా ఇందులోనే ఉండాలి" అని వెతికి, ముందు దాన్ని ఒక్కదాన్ని విడిగా తీసేశాడు, తర్వాత మిగతావన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాడు, చాలాసేపు పట్టింది. ఇప్పుడు రీసైకిల్ బిన్ కూడా తెరువు అన్నాను. తెరిస్తే ఓనర్ గారు ఇంతకుముందు తీసేశామనుకున్నవి, పాత రెండేళ్లవి, అన్నీ అందులో ఉన్నాయి.